నా సర్వీసు రెగ్యులరైజ్ చేయండి, మంత్రిగారూ!

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

విషయం: ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్న రోగి అటెండెంట్ల సర్వీసు క్రమబద్ధీకరణ గురించి.

అయ్యా,

తమ శాఖలో నేనూ ఒక ఉద్యోగిని. ఏ రిజిస్టర్లోనూ నా పేరుండదు కాబట్టి వెతికించకండి. తుంటి ఎముక విరిగి మా నాన్న ఒక పెద్దాసుపత్రిలో, మగవాళ్ల ఎముకల వార్డులో చేరినప్పుడు ఆయనతో పాటు నేనూ చేరిపోయాను. నోటిఫికేషన్ లేదు, రాతపరీక్ష లేదు, సిఫారసు ఉత్తరం అంతకన్నా లేదు. క్యాజువాలిటీ గుమ్మంలో ఎవరో స్ట్రెచర్ కొస నా చేతికిచ్చి "పదండి" అన్నారు. అదే అపాయింట్‌మెంట్ ఆర్డరు.

1994 నాటి 2వ నంబరు చట్టం ప్రభుత్వ సర్వీసుల్లో దినకూలీ నియామకాల్ని నిషేధించిందని తమ అధికారులు ఫైలు మీద రాస్తారేమో. ఆ చట్టం నాకు అడ్డు రాదు. నాకు కూలే లేదు.

నా డ్యూటీ చార్టు చిత్తగించండి. స్ట్రెచర్ తోయాలి. లిఫ్టు పనిచెయ్యని రోజున ర్యాంపు మీద తోయాలి. దిగేటప్పుడు మాత్రం ముందుకెళ్లి వీపుతో ఆపాలి, ఇది అనుభవం మీద వచ్చే విద్య. రక్తం ట్యూబు పట్టుకుని పక్క బ్లాకులో ఉన్న ల్యాబుకి పరిగెత్తాలి, సాయంత్రం రిపోర్టు కోసం మళ్లీ పరిగెత్తాలి. రక్తం ఎక్కించాలంటే ఇచ్చేవాణ్ణి బతిమాలి తేవాలి. బెడ్‌పాన్ పెట్టడం, తియ్యడం, కడగడం సరేసరి. రాత్రంతా సెలైన్ చుక్కలకి కాపలా. ఎక్స్‌రే తీశాక ఫిల్ములు లేవు, ఫోన్లో ఫొటో తీసుకోమన్నారు. ఆనాటి నుంచి అద్దం పగిలిన నా ఫోనే మా నాన్న కేసుకి రికార్డు రూము. ఆయనకి 14 అంకెల ఆభా నంబరు కూడా తీయించారు. రోగి వివరాలన్నీ అందులోనే ఉంటాయట. హౌస్‌సర్జన్ మాత్రం వచ్చినప్పుడల్లా "ఏదీ, ఆ ఫోనిటివ్వు" అనేవాడు. ఛార్జింగ్ అయిపోతుందేమోనని నేను హడలిపోయేవాణ్ణి.

ఇక నా పైఅధికారులు. పొద్దున రౌండ్స్ వేళకి సెక్యూరిటీ ఆయన కర్రతో మంచం తట్టి "అటెండెంట్లంతా బయటికి!" అంటాడు. వరండాలోకి పోతాం. కాసేపటికి లోపల్నుంచి కేక: "ఈ పేషెంటు తాలూకు ఎవరయ్యా? ఎక్కడ తిరుగుతున్నారు?" పరిగెత్తుతాం. చీటీ చేతిలో పెట్టి బయట కొనుక్కురమ్మంటారు. కొనుక్కొస్తే గేటు దగ్గర మళ్లీ ఆ కర్రాయనే. పాసేదీ? రోగికి ఒక్కటే పాసు. అది మా అమ్మ దగ్గరుంది, అమ్మ లోపలుంది. మందులు నా చేతిలో, వాటి కోసం చూసే డాక్టరు వార్డులో, మధ్యన ఇనప గేటు. మమ్మల్ని బయటికి నెట్టాలో లోపల వాడుకోవాలో ఒక జీవో ఇచ్చి తేల్చండి. ఏదైనా సరే, కట్టుబడి ఉంటాం.

సిస్టర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా వార్డంతటికీ రాత్రిపూట ఒక్కావిడే. ఈ చివర మంచానికి ఇంజెక్షన్ అయ్యేసరికి ఆ చివర మంచానికి మళ్లీ వేళయ్యేది. పీజీ డాక్టర్లు కుర్చీ కనబడితే చాలు కూర్చునే నిద్రపోయేవాళ్లు. ఆపరేషన్ మాత్రం దివ్యంగా చేశారు, రూపాయి అడగలేదు. కార్పొరేట్ ఆసుపత్రిలో ఎస్టిమేట్ చూసి మెట్లు దిగి వచ్చినవాళ్లం, ఆ మాట విలువ మాకు తెలుసు. ఆ ఆపరేషన్ జరిగిన పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టింది. రాష్ట్ర విభజన తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో ప్రభుత్వం మారాక వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. బోర్డు రాసే పెయింటరు అన్నిసార్లు వచ్చాడు గానీ స్ట్రెచర్ చక్రం బిగించేవాడు ఒక్కసారీ రాలేదు.

థియేటర్ తలుపుకి లోపలిదంతా సర్కారు చూసుకుంది. ఇవతలిదంతా మేం చూసుకున్నాం. అలా చూసుకునే మనిషి లేనివాడి సంగతేమిటన్నదే ఈ ఉత్తరం.

మా నాన్నకి ఎదురుమంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. బస్టాండులో పడి కాలు విరిగితే ఎవరో పుణ్యాత్ములు చేర్చి వెళ్లిపోయారు. అటెండెంట్ లేడు కాబట్టి ఆయన రక్తం ల్యాబుకి వెళ్లదు. రిపోర్టు లేదు కాబట్టి మత్తు డాక్టరు ఫిట్‌నెస్ ఇవ్వడు. ఫిట్‌నెస్ లేదు కాబట్టి ఆపరేషన్ లిస్టులో పేరెక్కదు. ఆయనకి వైద్యం చెయ్యబోమని ఏ ఒక్కరూ అనలేదు, గమనించండి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు ఆ మంచం దగ్గర ఆగి, టెస్టులయ్యాయా అనేవారు. "అటెండెంట్ లేడు సార్." అదే జబ్బు పేరైనట్టు తలూపి పక్కమంచానికి వెళ్లేవారు. చివరికి వార్డులో మిగతా అటెండెంట్లం వంతులేసుకుని మా ట్యూబులతో పాటు ఆయన ట్యూబులూ మోశాం. వంతులు పెట్టినవాడు ఒక ఆటో డ్రైవరు. తమ శాఖలో అంత సమర్థుడైన పరిపాలకుణ్ణి నేను చూడలేదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేస్తే 2018లో కేంద్రం దాన్ని జనం ముందు పెట్టింది. అందులో 17 హక్కులున్నాయి. అంతకుముందు, 1992లో, పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడు రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచాలు లేవని, సౌకర్యాలు లేవని పంపించేశాయి. ప్రభుత్వాసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకి భంగమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. హకీం షేక్‌కి మంచం దొరకలేదు. మా ముసలాయనకి మంచం దొరికింది, దాని పక్కన నిలబడే మనిషి దొరకలేదు. ఆ 17 హక్కుల్లో ఒక్కదానికైనా 'రోగికి కొడుకో కోడలో ఉన్నచో' అన్న షరతు ఉందా?

అందుకని నా దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నాను. నన్ను రెగ్యులరైజ్ చెయ్యకండి. నేను చేసిన పని ఎవరిదో వాళ్లని పెట్టండి. ఎంఎన్‌వో, ఎఫ్‌ఎన్‌వో (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీ) పోస్టుల్లో ఖాళీలు నింపండి, రాత్రి షిఫ్టుకీ మనుషుల్ని వెయ్యండి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అసలే వద్దు. అన్నీ ఒక్కసారి కుదరవని ఆర్థిక శాఖ అంటే, ముందు ఎవరూ లేని మంచాల దగ్గర మొదలుపెట్టండి. కేసు షీటు మీద 'అటెండెంట్ లేరు' అని రాసిన ప్రతిచోటా, ఆ రోగిని చూసుకోవాల్సిన ఉద్యోగి పేరు కూడా రాయమని ఈ వారమే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక అటెండెంట్,
మగవాళ్ల ఎముకల వార్డు