గోడ మీది వైద్యశాస్త్రం

బస్టాండు మూత్రశాల గోడల మీద, రైలు మరుగుదొడ్డి తలుపుల వెనక, ఊరి పొలిమేరలోని కరెంటు స్తంభాల మీద దశాబ్దాలుగా నిలిచి వెలుగుతున్న ఒక వైద్యశాస్త్రాన్ని తెలుగు పండితులు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. ఈ శాస్త్రం ప్రకారం మగవాడి రోగాలన్నిటికీ మూలం ఒక్కటే, అది చిన్నతనంలో పట్టిన ‘చెడు అలవాటు’. దాని ఫలితాలు నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, శీఘ్రస్ఖలనం, అంగం చిన్నదైపోవడం, వంకరపోవడం. మందు కూడా ఒక్కటే, నెలకొకసారి పట్నంలోని ఫలానా లాడ్జి ఫలానా నంబరు గదిలో దిగే నిపుణుడు ఇచ్చే పొట్లం. గ్యారంటీ ఉంటుంది, రసీదు ఉండదు.

శాస్త్రమన్నాక సిద్ధాంతం ఉండాలి కనుక దీనికీ ఒక లెక్క ఉంది: వంద చుక్కల నెత్తురు కరిగితే గానీ ఒక చుక్క వీర్యం తయారు కాదట. ఒకసారికి వెలువడే వీర్యం సుమారు 3 మిల్లీలీటర్లు అనుకుంటే అందుకు ఖర్చయ్యే నెత్తురు 300 మిల్లీలీటర్లు, అంటే రక్తదాన శిబిరంలో సాధారణంగా తీసే 350 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. అంతమాత్రం ఇచ్చిన మగదాతనే రక్తనిధి వారు మళ్ళీ మూడు నెలలదాకా దగ్గరికి రానివ్వరు. ఎదిగిన మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు కాబట్టి, కొత్త పెళ్ళికొడుకు రోజుకొకసారి చొప్పున కాపురం చేసినా పదహారు రోజుల పండుగ నాటికి అతడి ఒంట్లో నెత్తురు దాదాపు మిగలకూడదు. ఆ పండుగనాడు అల్లుడు నిక్షేపంగా పీట మీద కూర్చుని గారెలు తినడం ఈ సిద్ధాంతానికి ఎదురైన అతి పెద్ద ఖండన అయినప్పటికీ, లాడ్జి పండితులెవరూ దానికి ఇంకా సమాధానం రాయలేదు. అసలు సంగతేమిటంటే, వీర్యంలో అధికభాగం వీర్యకోశాలూ, మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే ప్రోస్టేటు గ్రంథీ స్రవించే ద్రవమే. వృషణాల నుంచి వచ్చి చేరే శుక్రకణాల వాటా అందులో చాలా స్వల్పం.

వీర్యం పోతోందన్న దిగులుతోనే నీరసం, నిద్రపట్టకపోవడం, గుండెదడ పట్టుకుని కుంగిపోయే స్థితికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాతు సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. రోగానికి కారణం నమ్మకమే అయినప్పుడు ఆ నమ్మకాన్ని గోడ మీద రాసి, దానివల్ల వచ్చిన రోగానికి గదిలో కూర్చుని మందు అమ్మే ఏర్పాటులో ఉన్న పొదుపును మెచ్చుకోక తప్పదు. ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే పార్లమెంటు ఔషధాలు, మాయచికిత్సల చట్టం చేసింది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష కూడా రాసి పెట్టింది. చట్టం పుస్తకంలో ఉంది, ప్రకటన గోడ మీద ఉంది, ఒకరి జోలికి ఒకరు పోకుండా డెబ్బయ్యేళ్ళుగా సఖ్యంగా బతుకుతున్నారు. ఈమధ్య గోడ కాస్తా ఫోను తెర అయింది, అంతే.

ఈ వైద్యులందరూ తమది ఆయుర్వేదమనే చెప్పుకుంటారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. ఆయుర్వేదం రోగిని పరీక్షించడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడు మార్గాలు చెప్పింది, అంటే చూడాలి, తాకాలి, అడగాలి. వృషణాల సంచికి వచ్చే వాపులను సుశ్రుతుడు ఏడు రకాలుగా విడదీసి, నీరు చేరిన వాపును పొడిచి ఆ నీరు తీసే విధానం దాకా రాశాడు. లాడ్జి నిపుణుడు ఆ మూడు మార్గాల్లో మొదటి రెండింటినీ వదిలేసి మూడోదాన్ని మాత్రమే ఉంచుకున్నాడు, అందులోనూ ‘పెళ్ళయిందా? ఎంత తెచ్చావు?’ అన్న రెండు ప్రశ్నలే. రోగి పంచె ముడి విప్పనక్కర్లేదు. ఆ జవాబులు వినగానే నరాలన్నీ చచ్చుబడ్డాయని తేలిపోతుంది. మూలికలనే పేరుతో అమ్మే ఇలాంటి పొడుల్లో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును గుట్టుగా కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడ్డాయి. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాడు అది మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఒక అవయవం గురించి ఇంత సాహిత్యం పుట్టిన దేశంలో ఆ అవయవాన్ని మాత్రం ఎవరూ చూడరు, సొంతదారు అయినా సరే. ఇంట్లో స్నానాలగదిలో రెండు నిమిషాలు పట్టే పని అది. వేడినీళ్ళ స్నానం తరవాత సంచి వదులుగా ఉన్నప్పుడు ఒక్కొక్క వృషణాన్ని బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య మెల్లగా దొర్లించి చూడాలి. అది ఉడికించి ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉండాలి. వెనకవైపు చేతికి మెత్తగా తగిలేది ఎపిడిడిమిస్, అంటే శుక్రకణాలు పక్వమయ్యే నాళాల చుట్ట, దాన్ని చూసి గడ్డ అనుకుని బెదిరిపోనక్కర్లేదు. ఒకటి రెండోదానికన్నా కాస్త కిందికి జారి ఉండడం కూడా సహజమే. వృషణం మీద గట్టిగా తగిలే గడ్డ, కొత్తగా వచ్చిన వాపు, సంచిలో బరువు, ఇవి కనిపిస్తే యూరాలజిస్టుకు, అంటే మూత్ర, జననాంగాల శస్త్రవైద్యుడికి చూపించాలి. నొప్పి లేదు కనుక రోగమూ లేదని మగవాళ్ళు చెప్పుకునే తర్కం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వృషణ క్యాన్సరు గడ్డకు చాలాసార్లు నొప్పే ఉండదు.

అయితే ఈ స్వీయపరీక్షను కూడా పంచాంగంలో తిథి చూసుకుని పాటించే నోము చేయనక్కర్లేదు. భారతదేశంలో ఈ క్యాన్సరు లక్షమంది మగవాళ్ళలో ఏడాదికి ఒక్కరికైనా రానంత అరుదు. లక్షణాలేవీ లేనివారికి ఈ పరీక్షను విధించడం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని అమెరికా నివారణ సేవల కార్యదళం 2011లో తేల్చింది కూడా. ముదిరాక పట్టుకున్నా చాలామందికి నయమవుతుంది. సైకిలు పందాల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో, పాతికేళ్ళ వయసులో, అది ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకాక బయటపడినా సిస్‌ప్లాటిన్ అనే మందు చికిత్సతో తగ్గింది. తరవాత డోపింగు వల్ల టైటిళ్ళు ఊడిపోయాయి గానీ ప్రాణం ఊడిపోలేదు. కనుక తన ఒంట్లో ఏది మామూలో తనకు తెలిసి ఉండడం వరకే ఇక్కడ కావలసింది. ఆ మాత్రం తెలియకే, బోదకాలు దోమ తెచ్చిపెట్టిన వరిబీజాన్ని, అంటే వృషణాల చుట్టూ నీరు చేరిన వాపును, పంచె కుచ్చెళ్ళ చాటున ఇరవయ్యేళ్ళు మోసే పెద్దమనుషులు గోదావరి జిల్లాల్లో కనిపిస్తారు. ఆపరేషను చిన్నదే. బోదకాలు క్రిమిని చంపే డైఇథైల్ కార్బమజిన్‌ను అమెరికాలో తన బృందంతో వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే మాత్రను ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తే గూట్లో పెట్టి, లాడ్జి పొట్లాన్ని మాత్రం పాలలో కలుపుకుని తాగే ఘనత ఆయన సొంత గడ్డ వారిది.

అంగస్తంభన తగ్గడం గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయనడానికో, షుగరుకో తొలి గుర్తు కావచ్చు. దానికి లాడ్జి పొడి మింగినవాడు ఆ హెచ్చరికను కూడా మింగేసినట్టే. షుగరు ఉన్నవాడికి ముందోలు పదేపదే వాచి వెనక్కి రాకపోతే అదీ చూపించుకోవలసిందే.

వీటన్నిటికీ రేపన్న మాట చెల్లుతుంది, ఒక్కదానికి తప్ప. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడికి హఠాత్తుగా వృషణంలో విపరీతమైన నొప్పి వచ్చి వాంతి అయితే, వృషణం మెలిపడి దానికి రక్తం అందడం ఆగిపోయి ఉండవచ్చు. ఈ స్థితిని టోర్షన్ అంటారు. ఆ పిల్లవాడు సిగ్గుపడి కడుపునొప్పి అనే చెబుతాడు, ఇంట్లోవాళ్ళు సోడా తాగించి పడుకోబెడతారు. తల్లిదండ్రులు నొప్పి సరిగ్గా ఎక్కడో అడిగి తెలుసుకుని, ఆ రాత్రే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సుమారు ఆరు గంటల్లోపు మెలిక విప్పితే వృషణం చాలావరకు దక్కుతుంది. తెల్లవారాక వెళ్తే చాలాసార్లు దాన్ని తీసివేయడానికే ఆపరేషను చేయవలసి వస్తుంది.