తీర్పు టీకొట్టుదే!

బాక్సింగ్‌లో అలీ గొప్పా, టైసన్ గొప్పా? అమలాపురం టీకొట్టు బల్ల మీద ఈ బౌట్ రోజూ ఉన్నదే. నిన్న ఒకాయన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుణ్ణి కూడా బరిలోకి దింపేశారు! అమెరికావాళ్లూ తక్కువ తినలేదు. కంప్యూటర్‌ని పెద్దమనిషిగా కూర్చోబెట్టి, బాక్సర్ మార్సియానో అలీని పదమూడో రౌండ్లో పడగొట్టినట్టు 1970లో సినిమా వేశారు. అప్పటికే మార్సియానో పోయి నాలుగు నెలలు దాటింది!

ఇదే అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడు. ‘మరి మీవాడికీ ఓ రాకెట్ కొనరాదుటండీ?’ అంటే, టైసన్ పక్షం, అలీ పక్షం ఏకమై ఒకటే మాట:

‘ఆయ్, ముందు ఎంసెట్ గట్టెక్కనివ్వండి!’