‘నిబంధనలు పాటిస్తూ’ మునిగాం

2020 జూన్ 8న గుళ్లూ హోటళ్లూ తెరుచుకున్న నాడే మనకో కొత్త మంత్రం దొరికింది: ‘కొవిడ్ నిబంధనలు పాటిస్తూ’. ఆ మూడు ముక్కలూ కరపత్రం కింద అచ్చేయిస్తే చాలు, వైరస్ పక్క మండలానికి బదిలీ అయిపోయేది. సరుగుడు తోటలో కార్తీక వనభోజనమైనా, నాగాయలంక శ్రీరామపాద క్షేత్రం దగ్గర కృష్ణలో దీపం వదలడమైనా, హంసలదీవి సాగర సంగమంలో మాఘ పౌర్ణమి మునకైనా మంత్రం మాత్రం తప్పనిసరిగా ఉండేది.

గుళ్లకు ఢిల్లీ నుంచి వచ్చిన మార్గదర్శకాల్లో తీర్థం, ప్రసాదం వద్దన్నారు. బాగుంది. చెప్పులు మాత్రం వీలైతే ఎవరి వాహనంలో వాళ్లే వదిలి రావాలట. ఎదురుమొండి దీవి నుంచి ఏరు దాటి వచ్చిన మనిషి చెప్పులు ఏ కారులో వదలాలో రాసినవారికే తెలియాలి.

తీర్థం పోయినా శఠగోపం లోటు రాలేదు, థర్మల్ గన్ను వచ్చింది. గేటు దగ్గర కుర్రాడు నుదుటికి ఆనించీ ఆనించకుండా పెట్టేవాడు. 93 అని చూపించేది. ఆ లెక్కన ఎదుటివాడు చలికి కొయ్యబారి, ఆసుపత్రికి చేర్చాల్సిన స్థితిలో ఉన్నట్టే. కుర్రాడు మాత్రం ‘నార్మల్ అండీ’ అని రిజిస్టరు ముందుకు తోసేవాడు. పేరు, ఊరు, ఫోను నంబరు రాయాల్సి వచ్చేది. అందరికీ కలిపి ఒకటే పెన్ను, ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి పురికొస కట్టి ఉండేది. జ్వరం రాకముందే మనిషి రోగం అంటించగలడన్న సంగతి ఆ గన్నుకు తెలీలేదు, పెట్టినవాళ్లకు అక్కర్లేకపోయింది.

ఇక గేటు దాటి సాగర సంగమం దగ్గరికి వెళ్దాం. సముద్రపు గాలి రివ్వున కొడుతున్న ఇసుకలో, మనిషికొకటి చొప్పున సున్నంతో గీసిన గుండ్రాలు. వాటిలో నిలబడనివాణ్ని మైకులో పేరు పెట్టి తిట్టేవారు. కానీ స్నానం చేసిన ఆడవాళ్లు బట్టలు మార్చుకునే రేకుల గది ఒక్కటే. కిటికీ ఉండదు. తడి చీరలతో పాతికమంది భుజం భుజం ఒరుసుకుంటూ, మాస్కులు మెడకు జారి, ‘జరగండమ్మా’ అని అరుచుకునేవారు. ఈ రోగం ఊపిరి తుంపరలతోనూ, మూసిన గదుల్లో నిలిచిపోయే గాలితోనూ అంటుకుంటుందని శాస్త్రం చెబుతుంటే, మనం కాపలా అంతా ఆరుబయట పెట్టాం. గదిలో గుండ్రాలెందుకు గీయలేదంటే, గీసే చోటేదీ?

పక్కనే మరుగుదొడ్డి. గడియ ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే మగ్గుండదు. పొద్దెక్కేసరికి ట్యాంకు అయిపోతుంది. శానిటైజరు సీసా మాత్రం గేటు దగ్గరే భద్రంగా ఉండేది, ఫొటో తీసేది అక్కడే కదా! లోపల పది రూపాయల సబ్బుబిళ్ల పెట్టాలన్న ఆలోచన ఏ కమిటీ పెద్దకూ రాలేదు. సబ్బుబిళ్లకు రిబ్బను కట్టి ప్రారంభోత్సవం చేయడం కష్టం మరి.

2020 నవంబరు 20 నుంచి కర్నూలులో తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. నదిలో మునక వద్దన్నారు, పిండ ప్రదానాలకు సరేనన్నారు. పుష్కరానికి వెళ్లి మునగకుండా రావడమేమిటని గొడవైంది. నిజానికి నదిలో నీరు పాపం ఏమీ చేయదు, మెట్ల మీది తొక్కిసలాటే ప్రమాదం. దానికి మందు, వచ్చేవాళ్లను గంటలవారీగా విడదీయడం. టోకెన్లిచ్చి జనాన్ని పలచన చేయడం తిరుమల దగ్గర చూసిన వాళ్లమే. అది మంత్రం కాదు, పని.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. అయ్యా, ఏర్పాట్ల సమావేశం పెట్టేటప్పుడు గన్నుల లెక్క తర్వాత చూద్దురు గాని, ఆ రేకుల గదికి ముందు నాలుగు వైపులా కిటికీలు కొట్టించండి. అలాంటివి మరో అయిదు వేయించండి. ట్యాంకు నింపే మనిషికి సాయంత్రం దాకా కూలీ ఇవ్వండి. సబ్బు మరిచిపోకండి.