సంక్షోభోపకార ప్రశస్తి

మహిళాదినమగు మార్చి 8 సమీపింపగనే గోదావరిఖని, రామగుండము సభావేదికలపై ఒక శాలువ, ఒక జ్ఞాపిక, వానితోపాటు కష్టకాలమే స్త్రీని వ్యాపారవేత్తగా తీర్చిదిద్దునను సిద్ధాంతమొకటి ఏటేట అవతరించుచుండును. ఇది సత్యమేయైనచో బొగ్గుగనుల సీమ స్త్రీలకు ప్రభువులొనర్చిన మహోపకారమును వర్ణింప ఆదిశేషునికైనను అలవి గాదు.

1990ల తొలినాళ్లలో లక్షకు పైబడియున్న సింగరేణి బొగ్గుగనుల ఉద్యోగులను స్వచ్ఛంద విరమణల పేర, యంత్రముల పేర నేటికి నలువదివేల చేరువకు దింపి, గృహిణి టిఫిను బండి తోయుటకును కుట్టుమిషను త్రొక్కుటకును వలసిన ప్రేరణము కల్పించిరి. 2010 అక్టోబరున సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు వచ్చెను. వారపు కిస్తీల పీడ వదలెనని సంతోషించునంతలో కొత్త అప్పు పుట్టు త్రోవయు మూసికొనిపోయెను.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమములో భాగముగా 2011 సెప్టెంబరు 13న ఆరంభమైన సకలజనుల సమ్మెలో కార్మికులు నెలకు మించి బాయి దిగలేదు. సమ్మె న్యాయమైనదే, సందేహము లేదు. కాని జీతము రాని ఆ దినములలో వారికి ఇడ్లీ పెట్టి ఉద్దెర వ్రాసికొన్న స్త్రీ, తాను మాత్రము కిరాణాకొట్టున రొక్కమిచ్చి మినపప్పు తెచ్చుకొనవలసినదై, ఉద్యమమునకు వడ్డీలేని రుణమిచ్చిన ఏకైక బ్యాంకుగా వెలసెను. ఉద్యమ చరిత్రకారులకు ఆ ఉద్దెర పుస్తకములు ఆకరములుగా తోచినట్లు లేదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దుకాగా జీతము బ్యాంకులోను, కార్మికుడు ఏటీఎం వరుసలోను, బాకీ మరల ఆమె పుస్తకములోను ఉండెను. 2020 మార్చిలో దేశమునకే తాళము వేసినప్పుడు ఉపరితల గనులలో బొగ్గు తవ్వకము సాగెను గాని గని ముంగిటి బండి సాగలేదు. జూనులో వీధి వ్యాపారులకు పదివేల అప్పు ప్రకటించి, నష్టమునకు ఔషధము రుణమేనని నిర్ణయించిరి.

స్త్రీ భూగర్భమున దిగరాదన్న 1952 నాటి గనుల చట్టము 2019 వరకు సడలలేదు. అప్పులోనికి దిగుటకు ఏ చట్టమును ఆమెకెన్నడు అడ్డుపడలేదు.

ఇక శిక్షణములు. కుట్టు నేర్పుట మంచిదే. వాడయందలి స్త్రీలందఱును కుట్టువారైన పిమ్మట రవికలు కుట్టించుకొనువారెవ్వరో ధ్రువపత్రమున వ్రాసియుండదు. కోటిమంది మహిళలను కోటీశ్వరులను గావింతుమని ప్రభుత్వము ప్రకటించినది, కానిండు. ఆలోపల సభానిర్వాహకులకొక విన్నపము: వచ్చే మార్చి 8న ఆమెకు శాలువ కప్పకపోయినను సరే, ఆ సభకు ఆమెచేత తెప్పించిన టిఫిన్ల బిల్లు ఆనాడే చెల్లింపుడు.