మామిడి వేళ్ల పక్కన: ఒక గునపం ఆత్మకథ

కొలిమిలో కాలి, సమ్మెట దెబ్బలకు సాగి పుట్టిన ఇనుపకడ్డీని నేను. ఒక కొస మొన, ఇంకో కొస పలక. పునాదులు తవ్వడం నా వృత్తి. నేల లోపల ఏముందో అందరికన్నా ముందు తెలిసేది నాకే. రాయి తగిలితే ఖంగుమంటాను. వేరు తగిలితే మోత రాదు, మొన దిగబడి ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కునే క్షణం గురించే నా వాదనంతా. కాపుకొచ్చిన పెరటి మామిడి పక్కన ప్రహరీయో కారు షెడ్డో లేస్తున్నప్పుడు చెట్టు ప్రాణం తేలేది పైనున్న రెండడుగుల మట్టిలో. దాన్ని కాపాడాలన్న ఆలోచన ముగ్గు పోయకముందే రావాలి. నన్ను చేతపట్టాక వస్తే ఆలస్యమే.

మామిడికి తల్లివేరు లోతుకు పోతుంది, పైన నాలుగు పిల్లవేళ్లు తెగితే ఏమవుతుందని మేస్త్రీలు అడుగుతారు. తల్లివేరు మాట నిజమే, నేల అనుకూలిస్తే ఇరవై అడుగుల దాకా దిగుతుంది. కానీ చెట్టుకు నీరూ ఎరువూ అందించే పని ఎక్కువగా పైపొరలో పరుచుకున్న సన్నవేళ్లది. వేరుకూ ఊపిరి కావాలి, గాలి బాగా ఆడేది గుల్లగా ఉన్న పైమట్టిలోనే. ఎండుటాకులు పక్కకు నెట్టి నాలుగు వేళ్ల లోతు గీరి చూడండి, దారప్పోగుల్లాంటి వేళ్లు మట్టి రేణువుల్ని కరుచుకుని బయటపడతాయి. కొమ్మల నీడ దాటి కూడా అవి పాకుతాయి. కాబట్టి హాని తవ్వకంతోనే జరగదు. అక్కడ ఇటుకల లారీ తిరిగినా, కంకర గుట్ట పోసినా మట్టి బిగిసి గాలి సందులు మూసుకుపోతాయి. మొదలు చుట్టూ అడుగున్నర మట్టి పోసి ఎత్తు చేస్తే ఒక్క వేరూ తెగకుండానే చెట్టుకు ఊపిరాడదు. సిమెంటు తట్టలు కడిగిన నీళ్లకు క్షారగుణం చాలా ఎక్కువ, వాటిని పాదులోకి వదలడం అన్నిటికన్నా అన్యాయం.

మరి ఎంత దూరం వదలాలి? కట్టడాల దగ్గరి చెట్ల కోసం బ్రిటన్‌లో 2012 నాటి ప్రమాణం ఒకటుంది, బీఎస్ 5837. నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున మాను వ్యాసానికి పన్నెండింతలు వదలమంటుంది. టేపుతో చుట్టుకొలత తీసి నాలుగింతలు చేసినా దాదాపు అదే లెక్క వస్తుంది. చుట్టుకొలత 125 సెంటీమీటర్లయితే వ్యాసం 40, వదలాల్సింది 4.8 మీటర్లు. పదహారడుగులన్నమాట. రెండు వందల గజాల స్థలంలో పదహారడుగులు ఎక్కడినుంచి తేవాలంటారు. న్యాయమైన మాటే. అయితే మాను చుట్టూ ఆ దూరం మేర ఏర్పడే వలయంలో అసలు అడుగే పెట్టొద్దని నేననను, పనితీరు మార్చమంటాను. ప్రహరీకి పొడవునా కందకం తీయకుండా విడివిడిగా పిల్లరు గుంతలు తీసి, బీమును నేలకు కాస్త పైన పోస్తే వేళ్లు దాని కిందుగా తమ దారిన పోతాయి. బొటనవేలికన్నా లావు వేరు అడ్డొస్తే ఇంజినీరును అడిగి గుంతను అడుగు పక్కకు జరపండి. నీళ్ల పైపును వేళ్ల కిందుగా దూర్చవచ్చు.

వేళ్లు ఎలాగూ గోడ పగలగొడతాయి, ఇప్పుడే నరికేద్దామనే వాళ్లున్నారు. మానుకు దగ్గరగా ఉన్న లావు వేరు గోడను నెట్టగలదు, కాదనను. ఆ భయం తీరేది కూడా బీముతోనే, నేలలో గోడే లేకపోతే వేరు నెట్టేది దేన్ని? ఇక వలయంలో చేత్తోనే తవ్వాలంటే కూలి ఎక్కువవుతుందంటారు. వలయం దాటాక జేసీబీనే తవ్వనివ్వండి. వలయం లోపల మాత్రం దాని బకెట్ లాగితే వేరు నున్నగా తెగదు, మాను వైపు చీలుకుంటూ పోతుంది, ఆ చీలికలో కుళ్లు చేరుతుంది. నా మొన కూడా బలంగా పోటు వేస్తే వేరును నలిపేస్తుంది, అందుకే నన్ను ఏటవాలుగా పట్టి మట్టి మాత్రం పెళ్లగించాలి. తప్పని వేరును రంపంతో నున్నగా కోసి, బయటపడినవాటి మీద తడి గోనెసంచులు కప్పి, వీలైనంత త్వరగా మట్టితో పూడ్చాలి.

నిరుడు తవ్విన చోట చెట్టు పచ్చగానే ఉందిగా అనేది చివరి అభ్యంతరం. ఏడాది పచ్చదనం సాక్ష్యానికి చాలదు. మాను, కొమ్మలు దాచుకున్న ఆహారంతో చెట్టు కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. తర్వాతి ఏళ్లలో ఆకు చిన్నదవుతుంది, కొమ్మల కొసలు ఎండుతాయి. అప్పటికి తవ్వకం సంగతి అందరూ మరిచిపోయి తెగుళ్ల మందు కొడుతుంటారు. ఒకవైపు లావు వేళ్లన్నీ పోతే గాలివానకు చెట్టు కూలిపోయే ప్రమాదమూ ఉంది. మిగతా వైపులు చెక్కుచెదరకపోతే కోలుకోవచ్చు, అందుకే ఒకేసారి రెండు వైపులా తవ్వొద్దు. పూత నుంచి కాయ కోత దాకా ఆగి, తొలకరి తర్వాత మొదలుపెడితే మేలు. కానీ తడినేల మీద లారీ తిరిగితే మట్టి మరింత బిగుస్తుంది, కాబట్టి ఇసుక, కంకర వీధివైపే దింపించాలి. వలయం చుట్టూ వెదురు దడి మొదటి లోడు రాకముందే కట్టాలి, సున్నం వేసేదాకా విప్పకూడదు.