ముక్కెత్తిన పికప్

పికప్ ట్రక్కు షోరూమ్ నుంచి వచ్చేటప్పుడే ముందువైపు కాస్త కిందికి, వెనుకవైపు కాస్త పైకి ఉంటుంది. మోడల్‌ని బట్టి తేడా ఒక అంగుళమో రెండంగుళాలో. ఇది తయారీలో దొర్లిన లోపం కాదు. వెనుక కమాన్ పట్టీలను బరువు మోయడానికి లెక్కగట్టి బిగిస్తారు. ట్రేలో నాలుగైదు వందల కిలోలు పడగానే అవి అణిగి బండి నేలకు సమంగా నిలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక ఎత్తుగా కనిపించడం దాని ఉద్యోగ లక్షణం. హైదరాబాద్ శివారు శేరిలింగంపల్లిలో దాన్ని వ్యాధి లక్షణంగా నిర్ధారించారు.

మియాపూర్, చందానగర్ దారుల్లో టైల్స్, సిమెంటు, నీళ్ళ క్యాన్లు మోసే బొలెరో పికప్‌లకు ఈ వ్యాధి సోకదు. పొద్దున తొమ్మిదింటికల్లా వాటి వెనుక భాగం అణిగిపోయి ఉంటుంది, కొన్నింటికి చట్టం ఒప్పుకున్నదానికంటే ఎక్కువగానే. నల్లగండ్ల, కొండాపూర్, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండే పికప్‌లది వేరే జాతి. 2016లో శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి మొదలైన ఇసుజు వి-క్రాస్, 2022లో దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్ ఈ జాతిలో పేరున్నవి. వీటి ట్రేలో సాధారణంగా ఉండే సరుకు ఒక యోగా చాప, ఒక క్రికెట్ కిట్, పారేయడం మరిచిన అట్టపెట్టె. ఇంతటి భారానికి కమాన్లు కదలవు. ఇరవై నీళ్ళ క్యాన్లు ఎక్కిస్తే నాలుగు వందల కిలోలు, బండి తనంతట తానే సమమవుతుంది. ఈ వైద్యంలో కొనడానికి కిట్ ఏదీ లేదు కనుక ఇది ప్రచారంలోకి రాలేదు.

ప్రచారంలో ఉన్నది లెవెలింగ్ కిట్. కాయిల్ స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఉండే ముందు స్ట్రట్ నెత్తిన పెట్టే రెండు అల్యూమినియం బిళ్ళలు, వాటికి సరిపడా బోల్టులు, బంపర్‌కి అంటించుకోవడానికి ఒక స్టిక్కరు. అంగుళం మందం బిళ్ళ పెడితే ముందు భాగం దాదాపు రెండంగుళాలు లేస్తుంది. స్ట్రట్ కింది కొస లోయర్ ఆర్మ్ నడుమ బిగించి ఉంటుంది, చక్రమేమో ఆ ఆర్మ్ చివర ఉంటుంది. నడుమ అంగుళం కదిలితే చివర రెండంగుళాలు కదలాలి. ఇది బడిలో చెప్పే మీట సూత్రమే. అయినా రెండంగుళాల ఎత్తు కోసం రెండంగుళాల మందం బిళ్ళ తెప్పించుకునేవారు, ఇంటికో ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న ఈ ప్రాంతంలోనూ ఉంటారు.

పని మొదలుపెట్టడానికి సమతలమైన నేల కావాలి. గ్రానైట్ గుట్టలు పగలగొట్టి కట్టిన ఊళ్ళో ఇది తేలిక కాదు. వీధి వాలు, ర్యాంపు మరీ వాలు, నీళ్ళు పోవాలని సెల్లారూ కొద్దిగా వాలే. సెల్లార్లో పార్కింగ్ గడి పొడవు సాధారణంగా 5 మీటర్లు, హైలక్స్ పొడవు 5.325 మీటర్లు. పక్కింటివారికి ఆ ముక్కుతో పరిచయం ముందునుంచే ఉంటుంది. కొలత నేల నుంచి తీయకూడదు, చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా తీయాలి. అలా తీస్తే టైర్లో గాలి ఎంతున్నా లెక్క మారదు. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి కాగితం మీద రాసుకోవాలి. పని అయ్యాక ఎంత లేచిందన్నది వాట్సాప్ గ్రూపులో ఎలాగూ పెరుగుతుంది, కాగితం మీదైనా నిజం ఉండాలి.

తర్వాత వెనుక చక్రాలకు అడ్డుదిమ్మెలు, హ్యాండ్ బ్రేకు. బండి నేల మీద ఉండగానే చక్రాల నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి, చాసిస్ కింద స్టాండ్లు పెడతారు. జాకీ ఎత్తడానికే తప్ప ఆపడానికి కాదు. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి మనిషి దూరకూడదు. ఈ దశలో సెక్యూరిటీ గార్డు ఫోన్ టార్చి పట్టుకుని నిలబడతాడు. సెల్లార్లో కారు కడగడాన్నే నిషేధించిన అసోసియేషన్, సస్పెన్షన్ విప్పడం ఏ నిబంధన కిందికి వస్తుందో తేల్చుకునేలోపు ఒక పక్క చక్రం ఊడి ఉంటుంది.

స్టెబిలైజర్ లింకు, పై బాల్ జాయింటు, స్ట్రట్ కింది బోల్టు, టాప్ మౌంటు నట్లు వరుసగా విప్పుతారు. బ్రేక్ పైపు మీద బరువు వేలాడకుండా చూడాలి. టాప్ మౌంటు మీద అంచున మూడు నట్లు, నడుమ ఒకటి ఉంటాయి. అంచున ఉన్నవే విప్పాలి. నడుమ నట్టు అణచిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచేది. అది ఊడితే స్ప్రింగులో దాగిన బలమంతా ఒక్కసారి బయటికొస్తుంది, ఎదురుగా ఉన్నది ఇనుమా ఎముకా అని చూడదు. నాలుగోది కూడా విప్పి చూద్దామనే జిజ్ఞాస సాఫ్ట్‌వేర్‌లో ప్రమోషన్ తెచ్చిపెట్టవచ్చు, సెల్లార్లో తెచ్చిపెట్టేది అంబులెన్సును. బిళ్ళ పెట్టాక అన్నీ తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడాలి. బుష్‌లున్న బోల్టులను మాత్రం బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే చివరి పట్టు పట్టాలి.

ఇంతటితో ముందు భాగం లేస్తుంది, దానితోపాటు మరికొన్ని విషయాలూ లేస్తాయి. చక్రాల కోణాలైన కాంబర్, కాస్టర్, టో మూడూ దారి తప్పుతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. ముందు యాక్సిల్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. చక్రం కిందికి వేలాడే జాగా తగ్గి, స్పీడ్ బ్రేకరు దిగినప్పుడల్లా ఠక్కుమంటుంది. హెడ్‌లైట్లు ఎదురుగా వచ్చే డెలివరీ కుర్రాడి కళ్ళలో పడతాయి. కొన్ని మోడళ్ళలో తయారీదారు డ్యాష్‌బోర్డు మీద లైట్లు దించుకునే చక్రం ఇచ్చాడు. అది బరువు ఎక్కించినప్పుడు వాడటానికి ఉద్దేశించినది గనుక ఇక్కడ చాలామంది దాన్ని తాకి ఎరుగరు.

వానాకాలంలో లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ నిండినప్పుడు ఆ రెండంగుళాలు పనికొస్తాయని ఒక వాదన ఉంది. హైలక్స్‌ను 700 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో నడపవచ్చని తయారీదారే చెబుతున్నాడు. ఆ లోతులో ఆగేది ముందున్న ఆటో, ఆటో వెనుక అందరూ. కళ్ళెదుట ఉన్న ట్రాఫిక్‌ను లేపే కిట్ ఇంకా రాలేదు.

ఏడాదికొకసారైనా స్నేహితుడెవరో ఇల్లు మారతాడు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, పుస్తకాల డబ్బాలు ట్రేలోకి ఎక్కుతాయి. కమాన్లు తమ ధర్మం తాము పాటించి అణుగుతాయి. అప్పటికే లేచిన ముక్కు మరింత లేచి బండి ఆకాశం వైపు చూస్తుంది. దీనికి వెనుక కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేసే కిట్ దొరుకుతుంది. అది వేయించాక ఖాళీ బండి మళ్ళీ ముందుకు వాలుతుంది, దానికి కాస్త మందం బిళ్ళలు దొరుకుతాయి.

చట్టం వైపు చూస్తే, వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఎ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ విధించవచ్చంటుంది. ఎడమ బిళ్ళ, కుడి బిళ్ళ కలిపి ఒక మార్పా రెండా అన్న చర్చ కొండాపూర్ ఆర్టీఏ కార్యాలయం బయట టీ కొట్టు దగ్గర పెట్టుకోదగినది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ఈ ప్రశ్నే అడుగుతుంది, టీ ఇవ్వకుండా.

బండి అమ్మే ముందు బిళ్ళలు తీసేయడం ఆనవాయితీ. విప్పిన పాత బోల్టులు పారేయకుండా డబ్బాలో దాచి ఉంచాలి. తీసే క్రమం పెట్టిన క్రమమే, బిళ్ళ ఉండదు, అంతే తేడా. అలైన్‌మెంట్‌కు మాత్రం మళ్ళీ డబ్బు కట్టాలి.