ఎం.జి.బి. గడప ఆత్మకథ

ఎం.జి.బి. రోడ్‌స్టర్ కారులో తలుపు కింద, ముందు చక్రం వెనక నుంచి వెనక చక్రం దాకా ఒక బోలు ఉక్కు దూలం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని సిల్ అంటారు. తెలుగులో గడప అంటే సరిగ్గా సరిపోతుంది. ఈ ఆత్మకథ అలాంటి ఒక గడపది. 1965లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారై, ఆ దేశపు రోడ్ల మీదే తిరిగిన కారుకు ఇది ఎడమ గడప. రంగు వేసిన బయటి రేకునే అందరూ చూస్తారు. ఆ రేకు వెనక వెలుతురు పడని, చేయి దూరని గది ఉంది. జరిగిందంతా ఆ గదిలోనే జరిగింది.

గడప మీద ఎంత బరువు పడుతుందో తెలిస్తే గాని దాని కథ అర్థం కాదు. అంతకు ముందు వచ్చిన ఎం.జి.ఏ.కి విడిగా చట్రం ఉండేది, బాడీ దాని మీద కూర్చునేది. 1962లో వచ్చిన ఎం.జి.బి.లో చట్రం లేదు, బాడీయే బరువు మోస్తుంది. పైగా రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు. ముందున్న ఇంజనుకూ వెనకున్న ఇరుసుకూ మధ్య కారు కుంగిపోకుండా పట్టి ఉంచే పనిలో పెద్ద వాటా రెండు గడపలదే. ఒక్కో గడపలో బయటి రేకు, నడిమి రేకు, లోపలి రేకు ఉంటాయి. అడుగున కోటగోడ పళ్లలా మడత పెట్టిన పట్టీ ఉంటుంది. ఆ ఆకారం వల్లే దానికి కాజిల్ రైల్ అని పేరు. రేకుల మందం సుమారు ఒక మిల్లీమీటరు. వెదురు బొంగు బోలుగా ఉండి కూడా బరువు మోసినట్టే, నాలుగూ కలిసి పెట్టెగా మూసుకున్నందువల్ల గడపకు బలం. ఏ అంచు ఊడినా అది పెట్టె కాదు, ఉత్త రేకుల కట్ట.

ఆ రోజుల్లో రేకులను ముందు స్పాట్ వెల్డింగ్‌తో అతికి, ఆ తర్వాత రంగుకు పంపేవారు. రెండు రేకులు ఒరుసుకునే అంచుల మధ్యకు ప్రైమర్ వెళ్లేది కాదు. పెట్టె లోపలి గోడల మీద అక్కడక్కడా పలచగా పడేది, చాలా చోట్ల పడేదే కాదు. ఈ గడప లోపలి గది కూడా పుట్టుకతోనే అరకొర రంగుతో ఉంది.

తుప్పు పట్టడానికి నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ కావాలి. ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది, ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది, రెండూ కలిసిన చోట ఎర్రటి పొలుసు పుడుతుంది. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు సులువుగా పారి పని వేగం పెరుగుతుంది. కేంబ్రిడ్జిలో తుప్పును అధ్యయనం చేసిన యూలిక్ ఎవాన్స్ ఉప్పునీటి బొట్టుతో ఇంకో సంగతి నిరూపించాడు. బొట్టు అంచున ఆక్సిజన్ ఎక్కువగా అందుతుంది, నడిమిన తక్కువ. కొరుక్కుపోయేది ఆ తక్కువ అందిన నడిమి భాగమే. మూసిన గడపకు ఇంతకన్నా చేటు లేదు. రేకుల సందులో చిక్కుకున్న తడికి గాలి సరిగా ఆడదు, అక్కడే లోహాన్ని తుప్పు ముందు తినేస్తుంది. పుట్టిన తుప్పు తాను మింగిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే అంచులు ఉబ్బి, వెల్డింగ్ చుక్కలు ఒక్కొక్కటే తెగిపోతాయి.

బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. అక్కడా బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. రోడ్డు వాలుకు ఉప్పునీరంతా అంచు కాలువలోకి చేరుతుంది గనక ఎడమ గడపకు ఆ తడి ఎక్కువ. ముందు చక్రం విసిరే బురద, చక్రాన్ని కప్పే రేకు అయిన రెక్క లోపలికి ఎగిరి, గడప మొదట్లో ఉన్న అడ్డు పలక వెనక్కి చేరుతుంది. ఆ పలక చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలాక అక్కడ పిడికెడు మట్టి నిలవ ఉంటుంది. ఎండాకాలంలో కూడా ఆ మట్టి నడుమ చెమ్మ ఆరదు. గడప అడుగు అంచున నీరు పోవడానికి సన్నని సందులు ఉంటాయి. ఈ గడపలో వాటిని మూసింది ఆ మట్టే. కొంత మూసింది మనుషులు కూడా: అడుగున మందంగా పూసిన తారు లాంటి నల్లటి పూత సందుల్లోకి దిగి గట్టిపడింది. ఆ పూత తర్వాత పగిలి, పగుళ్ల వెనక నీటిని పట్టి ఉంచింది. బయటి నుంచి చూస్తే మాత్రం కారు అడుగు నల్లగా, నున్నగా, భద్రంగా కనిపించేది.

పదేళ్లు నిండేసరికి బయటి రేకు కింది అంచు వేలితో నొక్కితే లోపలికి పోయే స్థితికి వచ్చింది. కారును ఒక గ్యారేజీకి తీసుకెళ్లారు. అక్కడ పాత రేకు తీయలేదు. కుళ్లిన దాని మీదే కొత్త పలక మూత పెట్టి, అంచులకు లప్పం రుద్ది, రంగు కొట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ గడప విషయంలో అక్షరాలా నిజమైంది. లప్పం ఉన్న చోట అయస్కాంతం అంటదు. కొనేవాళ్లలో ఎవరైనా ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి గడప పొడవునా జరిపి ఉంటే అప్పుడే తెలిసేది.

నిజం బయటపెట్టింది తలుపు. గడప బలం తగ్గినప్పుడు కారు నడుము దిగుతుంది, తలుపు వెనక సందు పైభాగంలో ఇరుకవుతుంది. ఒక రోజు జాకీ మీద కారు లేపి ఉండగా ఎడమ తలుపు తెరుచుకోలేదు. చివరకు 1990లలో గడపను కోసి విప్పారు. లోపలి రేకు ఒక్కటే మిగిలింది. ఈ కథ గుర్తుపెట్టుకున్నది అదే. కోసే ముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేశారు. లేకపోతే కారు వంగిన ఆకారంలోనే కొత్త గడప అతుక్కుపోయేది. అసలు బయటి రేకు తలుపు దగ్గరే ఆగదు, ముందు రెక్క కిందకూ వెనక రెక్క కిందకూ పోతుంది. సగం రేకుతో సరిపెట్టే మరమ్మతులో ఆ రెండు చివరలూ కుళ్లినవే మిగులుతాయి. ఈసారి ముందు రెక్క ఊడదీసి, వెనక రెక్క అడుగు కోసి, పూర్తి గడప వేశారు.

అప్పటి నుంచే అసలైన రక్షణ మొదలైంది. రక్షణ అంటే చాలామందికి మైనం పిచికారీయే గుర్తొస్తుంది. కానీ మైనం కన్నా ముందు కన్నం. నీరు పోయే దారి తెరవని గడపలో ఎంత మైనం కొట్టినా అది లోపలి తడి మీద మూత మాత్రమే అవుతుంది. అందుకని ముందు అడుగు సందులను సన్నని తీగతో పొడిచి తెరిచారు. మంచినీళ్లు పట్టి, బయటికి వచ్చే నీరు తేటపడే దాకా పాత లోపలి రేకును అంటిపెట్టుకున్న మట్టినీ ఉప్పునూ కడిగారు. తర్వాత కొన్ని రోజులు షెడ్డులో వేడిగాలి ఆడనిచ్చారు. చివర దీపం ఉన్న సన్నటి కెమెరా తీగను లోపలికి పంపి, ఎక్కడా చెమ్మ మెరవడం లేదని చూశాకే మైనం డబ్బా తెరిచారు.

మైనం పూత అంటే ద్రావకంలో కరిగిన మెత్తని మైనం, తుప్పును అడ్డుకునే రసాయనాలతో సహా. బ్రిటన్‌లో వాక్సాయిల్ అనే పేరు దీనికి బాగా తెలిసినది. చల్లగా ఉంటే చిక్కగా ఉండి పాకదు. అందుకే డబ్బాను వేడినీళ్ల బకెట్లో నిలబెట్టి పలచబరుస్తారు. ద్రావకానికి నిప్పు అంటుకుంటుంది గనక పొయ్యి మీద ఎప్పుడూ పెట్టరు. తలుపు మూస్తే కనిపించకుండా పోయే చోట రేకుకు చిన్న కన్నాలు వేసి, వాటి అంచులకు రంగు పూసి ఆరనిచ్చారు. నడిమి రేకు పెట్టెను రెండు అరలుగా విడదీస్తుంది. ఒక వైపు కొట్టి పని అయిందనుకుంటే రెండో వైపు పొడిగా ఉండిపోతుంది, అందుకే రెండు అరలకూ వేర్వేరు కన్నాలు. పొడవాటి గొట్టం చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉంటుంది. గొట్టాన్ని చివరి దాకా తోసి, మీట నొక్కి, నెమ్మదిగా వెనక్కి లాగారు. తొందరపడితే మధ్యలో గీతలు గీతలుగా ఖాళీలు మిగులుతాయి. రెండో రోజు మరింత ద్రావకం కలిపి, పలచన చేసి మళ్లీ కొట్టారు, అది అంచుల సందుల్లోకి ఇంకడానికి.

కాసేపటికి అడుగు అంచు పొడవునా తేనె రంగు చుక్కలు వరసగా బయటికి ఉబికాయి. ప్రైమర్ ఎన్నడూ చేరని వెల్డింగ్ సందుల్లోకి మైనం చేరిందనడానికి అదే గుర్తు. చుక్కలు ఆగాక తీగతో సందులన్నీ మళ్లీ తెరిచి, కన్నాలకు రబ్బరు బిరడాలు బిగించారు. ద్రావకం ఆవిరయ్యాక మిగిలిన పొర గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. రాయి తగిలి బయట సొట్టపడినా లోపల పొర పగలకపోవడానికి ఆ మెత్తదనమే కారణం.

కొందరు గడపలో నురుగు నింపితే నీరు రాదనుకుంటారు. కానీ నురుగు స్పాంజిలా తడిని పట్టుకుని రేకుకు ఆనించి ఉంచుతుంది. పాత ఇంజనాయిలు పోయడం ఇంకో అలవాటు. అది రబ్బరును ఉబ్బిస్తుంది, కారి నేలను పాడుచేస్తుంది, వంపుల పైభాగాన నిలవదు. పొలుసులు కట్టిన తుప్పు మీద మైనం కొట్టినా మేలు తక్కువ, పొలుసు రాల్చాకే అది ఇనుమును తాకుతుంది. మైనం కొట్టిన గడప దగ్గర ఇకపై వెల్డింగ్ చేయాలంటే ముందు ఆ భాగం గీకి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోవాలి. లోపల మైనం అంటుకుంటే మంట ఎక్కడుందో కంటికి కనపడదు.

ఈ గడపకు ఏటా అక్టోబరులో, రోడ్ల మీద ఉప్పు పడకముందే, తనిఖీ జరుగుతుంది. ముందు చక్రం తీసి అడ్డు పలక వెనక మట్టి కడుగుతారు, రబ్బరు చూస్తారు, అడుగు సందుల్లో తీగ ఆడిస్తారు. మూడు నాలుగేళ్లకోసారి బిరడాలు తీసి కెమెరా పంపుతారు, పలచబడిన చోట మళ్లీ మైనం పడుతుంది. కిందటిసారి తీగ ఆడించినప్పుడు మూడో సందు నుంచి కాస్త ఎర్రమట్టి, దాని వెనకే రెండు చుక్కల నీరు వచ్చాయి. ఆ సందును ఇంకోసారి పొడిచి, కన్నాల బిరడాలు తీసి, కారును రెండు రోజులు ఎండలో పెట్టి, ఆ తర్వాతే వాటిని బిగించారు.